డ్యూటీలో అన్నం తినే టైము: విరామం హక్కు ఎంత, దాన్ని రాబట్టుకోవడం ఎలా

పైడిభీమవరం దగ్గర ఒక మందుల కంపెనీలో ఏడేళ్ళు ప్రొడక్షన్ బ్లాకులో పనిచేశాను. మా భోజన విరామం నోటీసు బోర్డు మీద అరగంట. ఒంటిగంటకి రిలీవర్ వచ్చి రియాక్టర్ దగ్గర నిలబడితేగానీ నేను కదలకూడదు. అతను వచ్చేసరికి ఒంటిగంటా నాలుగు నిమిషాలు. మాస్కు, గ్లౌజులు తీసి, కవరాల్ విప్పి, బూట్లు మార్చి, మోచేతుల దాకా రెండుసార్లు సబ్బుతో కడుక్కునేసరికి ఒంటిగంటా పదకొండు. క్యాంటీన్ దాకా మూడు నిమిషాల నడక, అక్కడ లైను. పళ్ళెం చేతికి అందేసరికి ఒంటిగంటా పదిహేడు. ఒంటిగంటన్నరకల్లా మళ్ళీ అవన్నీ తొడుక్కుని బ్లాకులో ఉండాలంటే ఇరవై మూడుకి లేవాలి. అంటే తినడానికి ఆరు నిమిషాలు. రాత్రి ఇంటికెళ్తే అమ్మ "మధ్యాహ్నం ఏటి తిన్నావురా" అనేది. నిజంగా గుర్తుండేది కాదు.

మాకు విరామం లేదని ఏ మేనేజరూ ఎప్పుడూ అనలేదు. ఇటు నాలుగు నిమిషాలు, అటు ఏడు నిమిషాలు ఎలకలు కొరికినట్టు పోయేవి, అంతే. చాలాచోట్ల విరామం పోయేది ఇలాగే. అందుకే ఈ మార్గదర్శిలో చట్టం కంటే గడియారానికీ కాగితానికీ ఎక్కువ చోటిచ్చాను. చట్టం తెలిసి కూడా లెక్క లేకపోవడం వల్ల మొదటి రెండేళ్ళూ నేను నోరు మూసుకున్నాను.

మొదటి పని: మీది ఏ చట్టం కిందకి వస్తుందో చూసుకోండి

విరామం అందరికీ ఒకే కొలత కాదు. నెల్లిమర్ల జూట్ మిల్లు కార్మికుడికి ఒక లెక్క, విజయనగరం బట్టల షోరూములో సేల్స్ అమ్మాయికి ఇంకో లెక్క.

ఫ్యాక్టరీలకి చాలా ఏళ్ళు నడిచింది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం. అందులో 55వ సెక్షన్ చెప్పేది సూటిగా ఉంటుంది. ఎవరిచేతా ఏకబిగిన ఐదు గంటలకు మించి పని చేయించకూడదు, ఆలోగా కనీసం అరగంట విరామం ఇవ్వాలి. ప్రత్యేకంగా రాతపూర్వక మినహాయింపు తెచ్చుకుంటే ఆ ఐదు ఆరు దాకా పోవచ్చు. అంతకు మించి పోదు.

2025లో రెండు మార్పులు వచ్చాయి. సెప్టెంబరులో మన ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఫ్యాక్టరీల చట్టానికి సవరణ బిల్లు ఆమోదించింది. రోజు పని పరిమితిని తొమ్మిది గంటల నుంచి పదికి, విరామం లేకుండా చేయించగల ఐదు గంటలను ఆరుకు పెంచేది ఆ బిల్లు. వారానికి 48 గంటలన్న గీతను మాత్రం కదపలేదు. ఆ తర్వాత నవంబరు 21న పాత కార్మిక చట్టాలను కలిపి రాసిన నాలుగు లేబర్ కోడ్‌లనూ కేంద్రం అమల్లోకి తెచ్చింది. వాటిలో మనకు కావలసింది వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020. ఫ్యాక్టరీల చట్టం స్థానంలోకి వచ్చింది ఇదే. ఇందులో రోజు పని ఎనిమిది గంటలు. మధ్యలో విరామం ఎంత ఉండాలో, పొద్దున్న గేటు దాటినప్పటి నుంచి మొత్తం ఎన్ని గంటల్లో పని ముగియాలో రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేస్తుంది. పాత చట్టం కింద ఉన్న రూల్స్ కొత్త కోడ్‌కి అడ్డం రానంతవరకు నడుస్తాయి.

ఇది చదివితే తల తిరుగుతుంది, నాకూ తిరిగింది. హెచ్.ఆర్. వాళ్ళు "చట్టం మారిందయ్యా, ఇప్పుడు అవేం లేవు" అనడానికి ఈ గందరగోళమే ఆసరా. అలా అన్నప్పుడు చెప్పాల్సిన మాట ఒకటుంది: పాత చట్టంలో చూసినా, మినహాయింపు కింద చూసినా, 2025 సవరణలో చూసినా, ఆరు గంటలు దాటి విరామం లేకుండా నిలబెట్టమని ఎక్కడా లేదు. ఐదు దగ్గర అడగడం మొదలుపెట్టండి. ఆరు దాటితే మాత్రం ఊరుకోకండి.

కొత్త కోడ్‌లో ఫ్యాక్టరీ అనిపించుకోవాలంటే కరెంటుతో నడిచేచోట 20 మంది, కరెంటు లేనిచోట 40 మంది ఉండాలి. పాత లెక్క 10, 20. చిన్న రైసు మిల్లులు, జీడి పరిశ్రమలు కొన్ని ఇలా ఫ్యాక్టరీ లెక్కలోంచి జారిపోతాయి. అలాగని పూర్తిగా బయటపడవు. 10 మంది కార్మికులున్న ఏ వ్యాపార సంస్థ అయినా ఈ కోడ్ కిందకి వస్తుంది.

దుకాణాలు, హోటళ్ళు, షోరూములకి 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం ఉంది. అందులో విరామం ఫ్యాక్టరీ కంటే మెరుగు: ఐదు గంటల పనికి గంట. అరగంట కాదు, గంట. కొట్లో పనిచేసేవాళ్ళలో ఈ సంగతి తెలిసినవాళ్ళు నాకు ఒక్కరూ తగల్లేదు. 2025 సెప్టెంబరులోనే ఈ చట్టానికీ సవరణ బిల్లు వచ్చి రోజు పని ఎనిమిది నుంచి పదికి పెంచింది. కాబట్టి మీ కొట్లో ఎంతమంది ఉన్నారో చెప్పి, మీకు ఏ గంటలు వర్తిస్తాయో లేబర్ ఆఫీసులో ఒకసారి నిర్ధారించుకుని అడుగు వేయండి.

బస్సు, లారీ డ్రైవర్లకి 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం నాటి నుంచీ ఐదు గంటలకి అరగంట లెక్కే. పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలైతే మూడు గంటలకే గంట విరామం ఇవ్వాలి. రాత్రి ఏడు తర్వాత అసలు పని చేయించకూడదు.

మరొకటి. కిలో లెక్కన, పీసు లెక్కన పని చేసేవాళ్ళకి విరామం ఉండదని ఒక అపోహ బలంగా ఉంది. పలాసలో జీడిపప్పు పీలింగ్ చేసే ఆడవాళ్ళని చూడండి. లేస్తే ఆ అరగంటలో ఒలిచే పప్పు తగ్గుతుందని వాళ్ళే లేవరు. ఆశ వాళ్ళది, అది వాళ్ళ ఇష్టమనుకుందాం. కానీ "మీది పీసు రేటు, మీకు లంచ్ టైము లేదు" అనే అధికారం యజమానికి లేదు. కార్మికుడు కార్మికుడే, కూలి ఏ లెక్కన కట్టినా.

కాంట్రాక్టరు కింద ఉన్నారా? పైడిభీమవరంలోనైనా, బొబ్బిలి గ్రోత్ సెంటర్లోనైనా ఇలాంటివాళ్ళు ఎందరో. కాంట్రాక్టు కార్మికులకి క్యాంటీన్, మంచినీళ్ళు, మరుగుదొడ్లు, విశ్రాంతి గది లాంటి సౌకర్యాలు చూడాల్సిన బాధ్యత కొత్త కోడ్‌లో అసలు కంపెనీదే. "మీ కాంట్రాక్టర్ని అడుక్కో" అని గేటు దగ్గర నుంచి తిప్పి పంపితే, ఆ మాట చెల్లదని మర్యాదగా చెప్పండి.

రెండో పని: నోటీసు బోర్డు ఫోటో తీయండి

పని వేళలు, విరామం వేళలు రాసిన నోటీసు అందరికీ కనిపించేచోట పెట్టడం పాత చట్టం నుంచీ ఉన్న నియమం. సాధారణంగా అది గేటు దగ్గరో, టైం ఆఫీసు గోడకో ఉంటుంది. చాలాసార్లు దాని మీద క్యాలెండర్ వేలాడుతుంటుంది. ఫోను లోపలికి అనుమతించని కంపెనీ అయితే చూసి చేత్తో రాసుకోండి. ఎ షిఫ్టు, బి షిఫ్టు, జనరల్ అని విడివిడిగా విరామం ఎన్నింటికో, ఎంతసేపో.

కంపెనీ తన చేత్తో రాసుకున్న మాట అది. మీ దగ్గర నియామక పత్రం ఉంటే అందులోనూ పని గంటలు చూడండి. ఇప్పుడు నియామక పత్రం ప్రతి కార్మికుడికీ ఇవ్వాలి. లేకపోతే అడగండి.

మూడో పని: రోజూ నాలుగు అంకెలు

ఇదే అసలు పని. మిగతాదంతా దీని మీదే నిలబడుతుంది.

జేబులో పట్టే చిన్న నోటు పుస్తకం కొనండి. ఫోన్లో రాసుకోవచ్చు గానీ, రోజూ పెన్నుతో రాసిన పుస్తకానికి ఆఫీసుల్లో ఇంకా బరువు ఎక్కువ. అందులో రోజుకి నాలుగు అంకెలు రాయండి: పని మొదలైన టైము, విరామానికి నిజంగా వదిలిన టైము, మళ్ళీ పనిలో నిలబడిన టైము, డ్యూటీ దిగిన టైము. ఐదోది ఒక్క ముక్క, కారణం. నా పుస్తకంలో ఇలా ఉండేది:

జూన్ 1, సోమవారం. జనరల్. 8.00. వదిలింది 1.04. మళ్ళీ 1.30. దిగింది 4.35. రిలీవర్ ఆలస్యం.

జూన్ 2, మంగళవారం. 8.00. విరామం లేదు. దిగింది 4.30. బ్యాచ్ నడుస్తోంది, రిలీవర్ సెలవు. 3.10కి నిలబడే బిస్కెట్లు తిన్నాను.

జూన్ 3, బుధవారం. 8.00. వదిలింది 1.00. 1.15కి ఫోన్ చేసి పిలిచారు. మళ్ళీ వెళ్ళనివ్వలేదు.

ఇంతే. కోపం, తిట్లు, సూపర్‌వైజర్ ఎలాంటివాడో, ఇవేవీ రాయకండి. నేను మొదటి వారం అవే రాసి, ఆ పేజీలు ఎవరికీ చూపించలేక చింపేశాను. ఏ రోజుది ఆ రోజే రాయండి. శనివారం కూర్చుని వారమంతా ఒక్కసారి రాస్తే ఒకే సిరా, ఒకే వాలు, చూసినవాడు ఇట్టే పట్టేస్తాడు. నెల రోజులు చాలు. ఇద్దరు ముగ్గురు విడివిడిగా రాస్తే ఇంకా మంచిది.

కవరాల్ విప్పే టైము విరామంలో కలుస్తుందా అని చాలామంది అడుగుతారు. చట్టం అన్నది "విశ్రాంతి కోసం కనీసం అరగంట" అని. కంపెనీ వేసుకోమన్న బట్టలు కంపెనీ కోసమే విప్పడం విశ్రాంతి ఎలా అవుతుందన్నది నా వాదన. సెక్షన్ చూపించి గెలిచే వాదన కాదిది, మాట్లాడి సాధించుకునేది. అందుకే దాన్ని పుస్తకంలో వేరుగా రాసుకోండి: "విప్పడం, కడగడం 7 నిమిషాలు". అంకె ఎదురుగా ఉంటే కొట్టిపారేయడం కష్టం.

నాలుగో పని: పోయిన విరామానికి డబ్బు లెక్క

విరామం పని గంటల్లో కలవదు. ఎనిమిది గంటల పని, అరగంట విరామం అంటే గేటు లోపల ఎనిమిదిన్నర గంటలు. ఇది న్యాయమే. కానీ ఆ అరగంట మీకు దొరక్కపోతే మీరు చేసింది ఎనిమిదిన్నర గంటల పని. వారానికి ఆరు రోజులకి 51 గంటలు. రోజు లెక్కన ఎనిమిది దాటింది, వారం లెక్కన 48 దాటింది. దాటినదానికి ఓవర్‌టైమ్ రెట్టింపు రేటు. కొత్త కోడ్‌లో ఓవర్‌టైమ్‌కి కార్మికుడి ఒప్పుకోలు కూడా కావాలి.

నెలకి 15,600 జీతం అనుకోండి. 26 రోజులకి రోజు 600, గంటకి 75, ఓవర్‌టైమ్ అయితే 150. రోజూ అరగంట చొప్పున 26 రోజులకి 13 గంటలు. 13 ఇంటూ 150 అంటే 1,950 రూపాయలు. ఏడాదికి 23,400. ఈ లెక్క మా క్యాంటీన్లో ఒక పేపరు ప్లేటు వెనక వేసి చూపిస్తే, అంతవరకు "అరగంటకేటి గొడవ" అన్న మా సీనియర్ ఆ ప్లేటు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

రావలసిన వేతనం ఇవ్వకపోతే వేతనాల కోడ్, 2019 కింద మూడేళ్ళ లోపు క్లెయిమ్ పెట్టొచ్చు. తేలిన మొత్తం మీద పది రెట్ల దాకా పరిహారం వేసే అధికారం విచారించే అధికారికి ఉంది. పది రెట్లు వస్తాయని ఆశపడి వెళ్ళకండి. ఆ అధికారం ఉందని తెలిస్తేనే కొన్ని కంపెనీలు ముందే దిగొస్తాయి.

"విరామంలోనే ఉండు గానీ మిషను మీద ఓ కన్నేసి ఉంచు" అంటే అది విరామం కాదు, పని. కౌంటర్ దగ్గరే కూర్చుని తిను, కస్టమర్ వస్తే లే అన్నా అంతే. పుస్తకంలో దాన్ని పనిగానే రాయండి.

టీ బ్రేక్ సంగతి

టీకి పది నిమిషాలు ఇవ్వాలని చట్టం ఎక్కడా చెప్పదు. అది ఆనవాయితీ. కానీ ఆనవాయితీకీ ఒక రక్షణ ఉంది. పని గంటలు, విశ్రాంతి వేళలు మార్చాలన్నా, ఎప్పటి నుంచో ఇస్తున్న సదుపాయం తీసేయాలన్నా 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉండేది. దాని స్థానంలో వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020లోనూ ఉంది. పదేళ్ళుగా పది గంటలకి టీ ఇస్తున్న చోట, ఒక సోమవారం పొద్దున్నే కొత్త మేనేజరు వచ్చి "రేపట్నుంచి టీ లేదు" అంటే కుదరదు. నోటీసు ఏదని అడగండి. ఈ ఒక్క ప్రశ్న చాలాచోట్ల టీని కాపాడుతుంది.

ఆడవాళ్ళ విషయం వేరుగా

విజయనగరంలో ఒక షోరూములో మా వదిన మూడేళ్ళు చేసింది. పొద్దున్న పదికి వెళ్తే రాత్రి తొమ్మిదిన్నర. భోజనానికి ఇరవై నిమిషాలు, అదీ వంతుల వారీగా, నలుగురు మెట్ల కింద స్టోర్ రూములో చీర పెట్టెల మధ్య. మిగతా టైమంతా నిలబడే. కస్టమర్లు లేని వేళ కూడా కూర్చుంటే సీసీ కెమెరాలో చూసి మైకులో పేరు పిలిచేవారు. బాత్రూముకి వెళ్ళాలంటే ఫ్లోర్ ఇన్‌చార్జి దగ్గర టోకెన్ తీసుకోవాలి. ఒక ఫ్లోరుకి ఒకే టోకెన్. టోకెన్ అడగడానికి సిగ్గుపడి నీళ్ళు తాగడం మానేసింది. ఎండాకాలంలో కూడా. తర్వాత మూత్రంలో మంటతో డాక్టర్ చుట్టూ తిరిగాం.

పాత ఫ్యాక్టరీల చట్టం 19వ సెక్షన్ మరుగుదొడ్ల గురించి చెబుతూ, కార్మికులు ఫ్యాక్టరీలో ఉన్నంతసేపూ అన్ని వేళల్లోనూ అందుబాటులో ఉండాలంది. అన్ని వేళల్లోనూ. టోకెన్ పద్ధతి ఆ మాట పక్కన నిలబడదు. బాత్రూముకి వెళ్ళిన టైమును భోజన విరామంలోంచి కోయడమూ అంతే.

కూర్చోవడం గురించి. నిలబడి చేసే పనివాళ్ళకి కూర్చునే ఏర్పాటు ఫ్యాక్టరీల చట్టంలో 44వ సెక్షన్ నుంచి ఉంది. కొత్త కోడ్ దాన్ని 10 మంది ఉన్న సంస్థలన్నిటికీ తెచ్చింది. కొట్లలో సేల్స్ వాళ్ళకి కుర్చీ ఇవ్వాలని కేరళ 2018లోనే తన దుకాణాల చట్టం సవరించింది, తమిళనాడు 2021లో. ఇచ్చాపురం అవతల నుంచీ, రాయగడ వైపు నుంచీ ఒడిశా వాళ్ళు మన షోరూములకే వస్తారు. వాళ్ళకి ఏసీ, సోఫా, బాదం పాలు. చీర విప్పి చూపించే పిల్లకి స్టూలు ఉండదు.

పాలిచ్చే తల్లులకి బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా రోజుకి రెండు విరామాలు అదనంగా ఇవ్వాలి. భోజన విరామం కాకుండా. 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టంలో ఉన్నదే, సామాజిక భద్రత కోడ్, 2020లోనూ ఉంది. 50 మంది ఉద్యోగులున్న చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలి. భోజన విరామంతో కలిపి రోజుకి నాలుగుసార్లు బిడ్డ దగ్గరికి వెళ్ళనివ్వాలి. పాలిచ్చే విరామాలకి జీతం కోయకూడదు.

ఐదో పని: ముందు లోపల అడగండి

నేరుగా లేబర్ ఆఫీసుకి పరిగెత్తొద్దు. అక్కడ అడిగే మొదటి ప్రశ్న "మీ యాజమాన్యానికి చెప్పారా?"

ముందు నోటితో. సూపర్‌వైజర్ తీరికగా ఉన్నప్పుడు, నలుగురి ముందు కాకుండా, "సార్, రిలీవర్ సమస్య వల్ల ఈ వారం మూడు రోజులు లంచ్‌కి వెళ్ళలేదు, ఏదైనా ఏర్పాటు చేయండి" అనండి. చాలామంది సూపర్‌వైజర్లు మనలాంటివాళ్ళే, వాళ్ళ లంచ్ కూడా గాల్లోనే ఉంటుంది. తర్వాత అదే మాట ఒక మెసేజ్ పెట్టండి. మర్యాదగా, ఒక్క వాక్యం. తేదీ దానంతట అదే పడుతుంది.

వారం పది రోజులు చూసి ఏమీ కాకపోతే ఉత్తరం. ఒక్కరు ఇవ్వొద్దు. కనీసం ఐదుగురు సంతకం పెట్టండి. సంతకాలు వరసగా కాకుండా గుండ్రంగా పెడితే మొదటి పేరు ఎవరిదన్న ప్రశ్న రాదు. మా బ్లాకులో ఒక పెద్దాయన చెప్పిన చిట్కా ఇది, నాకు భలే నచ్చింది. ఉత్తరం ఇలా:

"గౌరవనీయులైన ఫ్యాక్టరీ మేనేజరు గారికి,

మేము ఫలానా బ్లాకులో జనరల్ షిఫ్టులో పనిచేస్తున్నాం. జూన్ 1 నుంచి 27 వరకు మా భోజన విరామం వివరాలు రాసి దీనితో జత చేస్తున్నాం. ఈ 24 పని దినాల్లో 17 రోజులు అరగంట విరామం పూర్తిగా దొరకలేదు. మరో 5 రోజులు విరామం లేకుండానే షిఫ్టు ముగిసింది. ముఖ్య కారణం రిలీవర్ లేకపోవడం. విరామ వేళకు రిలీవర్‌ను కేటాయించాలని, విరామం లేకుండా చేసిన పనికి ఓవర్‌టైమ్ చెల్లించాలని, రక్షణ దుస్తులు విప్పి తొడుక్కునే సమయాన్ని విరామంలో లెక్కించవద్దని కోరుతున్నాం. ఈ ఉత్తరం అందినట్టు నకలు మీద సంతకం, తేదీ వేయగలరు."

సెక్షన్ల నంబర్లు మొదటి ఉత్తరంలో వేయకండి. నంబరు కనబడగానే అది లీగల్ వాళ్ళ టేబుల్ మీదకి పోతుంది, పరిష్కారం చేయగలిగిన మనిషి చేతిలోంచి జారిపోతుంది. నకలు మీద సంతకం పెట్టకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

20 మంది, అంతకు మించి కార్మికులున్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో యాజమాన్యం వాళ్ళు, కార్మికులు సమానంగా ఉంటారు. మీ దరఖాస్తు అందిన 30 రోజుల్లో తేల్చాలి. కమిటీ ఉందా అని అడిగితే "అదేంటి" అన్నారనుకోండి, ఆ సంగతి కూడా పుస్తకంలో రాసుకోండి.

ఆరో పని: బయట ఎవరి దగ్గరికి

ఫ్యాక్టరీ అయితే ఫ్యాక్టరీల శాఖ ఇన్‌స్పెక్టర్. కొట్టు, హోటలు, షోరూము అయితే కార్మిక శాఖలో సహాయ కార్మిక అధికారి. రెండూ వేర్వేరు శాఖలు, తప్పు గుమ్మం తొక్కితే ఒక పూట పోతుంది. జిల్లా కూడా చూసుకోండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక రాజాం విజయనగరం కిందకి వెళ్ళింది, సాలూరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి. రాజాంలో పనిచేసేవాళ్ళు ఇంకా అలవాటుగా శ్రీకాకుళం బస్సెక్కుతుంటారు.

ఏ గుమ్మమో తెలియకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. అక్కడ ఇచ్చే నంబరు జాగ్రత్త. తర్వాత 1100కి ఫోన్ చేసి ఆ నంబరు చెప్తే అర్జీ ఎక్కడుందో తెలుస్తుంది. "విచారించి పరిష్కరించాం" అని మెసేజ్ వచ్చి మీ లంచ్ మాత్రం అలాగే ఉందంటే మళ్ళీ తెరిపించండి, మొహమాటపడకండి. నాకు తెలిసి రెండోసారికే ఇలాంటివి కదులుతాయి.

అర్జీలో మూడు కాగితాలు జత చేయండి: నోటీసు బోర్డు ఫోటో, పుస్తకం పేజీల జిరాక్సు, లోపల ఇచ్చిన ఉత్తరం నకలు. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వొద్దు.

మీ పేరు బయటపడుతుందని భయమా? ఫిర్యాదు ఎవరిచ్చారో ఇన్‌స్పెక్టర్ రహస్యంగా ఉంచాలని ఫ్యాక్టరీల చట్టంలోని 118ఎ సెక్షన్ చెప్పింది. అర్జీలో "నా పేరు గోప్యంగా ఉంచగలరు" అని పైనే రాయండి. తనిఖీ జరిగిందని చెప్పి ఏమైందో చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో తనిఖీ నివేదిక అడగొచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి. తెల్ల రేషన్ కార్డు వాళ్ళకి ఆ పది కూడా అక్కర్లేదు.

కొత్త కోడ్‌లో ప్రత్యేకంగా వేరే శిక్ష లేని ఉల్లంఘనకి జరిమానా రెండు లక్షల నుంచి మూడు లక్షల దాకా. చిన్న యజమానికి ఇది మామూలు మాట కాదు. అందుకే తనిఖీ కంటే ముందు, తనిఖీ వస్తుందన్న కబురుకే చాలా విరామాలు బాగుపడతాయి.

లాయర్ కావాలంటే జిల్లా కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్ళకి, ఎస్సీ, ఎస్టీలకి, పారిశ్రామిక కార్మికులకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు.

తీసేస్తే?

ఈ భయం ఉత్తది కాదు. అలా జరగదని నేను చెప్పను. హక్కు అడిగినందుకు కక్షగట్టి తీసేయడం చట్టం దృష్టిలో అనుచిత కార్మిక విధానం. తీసేసిన రోజే రాజీ అధికారికి (కార్మికుడికీ యజమానికీ మధ్య రాజీ కుదిర్చే అధికారి) దరఖాస్తు పెట్టండి. 45 రోజుల్లో తేలకపోతే నేరుగా ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు, తీసేసిన నాటి నుంచి రెండేళ్ళ లోపు. మన జిల్లాల కేసులు విశాఖ వెళ్తాయి. రాజీనామా రాసిమ్మని ఒత్తిడి చేస్తారు, రాయకండి. రాసిస్తే అది తీసేయడం కాదు, మీరు మానేయడం అవుతుంది. ఖాళీ కాగితం మీద సంతకం అసలే వద్దు.

సూపర్‌వైజర్ హోదాలో ఉండి జీతం 18,000 దాటినవాళ్ళు కోడ్ లెక్కలో "కార్మికుడు" కిందకి రారు. ఈ దారులు చాలావరకు వాళ్ళకి ఉండవు. కొన్ని కంపెనీలు జీతం పెంచకుండానే అందరికీ "ఎగ్జిక్యూటివ్" అని పేరు తగిలిస్తాయి. పేరు కాదు, చేసే పని చూస్తారు. వాల్వు తిప్పేవాడు ఎగ్జిక్యూటివ్ ఎలా అవుతాడు?

ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు

ఆ రోజు అందరికీ లంచ్ టైముకే వస్తుంది, క్యాంటీన్లో అప్పడం కూడా వేస్తారు. ఇన్‌స్పెక్టర్ మిమ్మల్ని అడిగితే ఆ రోజు సంగతి చెప్పి ఊరుకోకండి, నిన్నటిది, మొన్నటిది చెప్పండి. పుస్తకం చూసి చెప్పండి. "ఎప్పుడూ ఇవ్వరు సార్" అనకండి, ఒక్క రోజు ఇచ్చినట్టు రిజిస్టర్లో తేలినా మీ మాట మొత్తం పోతుంది. "24 రోజుల్లో 5 రోజులు అసలు లేదు, 17 రోజులు తగ్గింది, 2 రోజులు సరిగ్గా ఇచ్చారు" అనండి. ఆ రెండు రోజులు ఒప్పుకున్నందుకే మిగతా 22 నమ్ముతారు.

మా బ్లాకులో ఈ కథంతా నడవడానికి ఐదు నెలలు పట్టింది. రిలీవర్ల జాబితా బోర్డు మీద వచ్చింది. బట్టలు విప్పి తొడుక్కునే టైముకని విరామం నలభై నిమిషాలు చేశారు. మేం అడిగింది నలభై ఐదు. నేను మానేసి వచ్చేశాను గానీ, ఆ ఐదు నిమిషాల కోసం మావాళ్ళు ఇంకా కాగితాలు పెడుతూనే ఉన్నారు.